అడుగు పడని మెట్టు

ఆవిడ బస్సెక్కితే కండక్టరు ముందు ఆవిడ సంచికేసి చూస్తాడు, ఆ తరవాతే ఆవిడ మొహంకేసి. సంచి అంత ఉంటుంది మరి. దాన్నిండా జోళ్ళు. మగవాళ్ళ తోలు బూట్లు, ఆడవాళ్ళ ఎత్తుమడమల చెప్పులు, అడుగు అరిగిన రబ్బరు చెప్పులు, మేకులు కొట్టిన పోలీసు బూట్లు. కొత్త కండక్టరైతే ఉండబట్టలేక "కొట్లోకి సరుకా అమ్మా?" అని అడుగుతాడు. "కాదు నాయనా, హీరోల కాళ్ళు" అంటుంది ఆవిడ, సంచి ఒళ్ళోకి లాక్కుంటూ. అతను నవ్వాలో మానాలో తెలియక టిక్కెట్టు చేతిలో పెట్టి ముందుకు పోతాడు.

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. సినిమాలో హీరో వరండాలో నడిచొస్తుంటే టకటకమని వినపడే చప్పుడు హీరో కాళ్ళది కాదు. షూటింగులో ఆ చప్పుడు సరిగ్గా పడదు. సినిమా అంతా తీశాక, తలుపులు బిగించిన గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ మైకు ముందు ఎవరో ఒకరు మళ్ళీ నడవాలి. ఆ ఎవరో ఒకరు ఈవిడే. స్టూడియోలో పెద్దా చిన్నా అందరూ అడుగులక్క అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆవిడ గది చూస్తే పిల్లలు ఆడుకునే చోటేమో అనిపిస్తుంది. నేలంతా గళ్ళు గళ్ళుగా కట్టి ఉంటుంది. ఒక గడిలో నున్నటి బండ, ఒక దాంట్లో చెక్క, ఒక దాంట్లో కంకర, ఇంకోదాంట్లో ఇసుక. మూలన కాసిని రాతిమెట్లు గోడదాకా పోయి ఆగిపోతాయి. హీరో ఎన్ని అంతస్తులు ఎక్కినా ఈవిడ ఆ మెట్ల మీదే ఎక్కాలి. ఎక్కి, చప్పుడు కాకుండా దిగి, మళ్ళీ ఎక్కాలి. దిగే కాలికి గుడ్డ చుట్టుకుంటుంది. చూసేవాళ్ళకి పిచ్చిదానిలా కనపడుతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. చూడమని ఎవరినీ పిలవలేదు కదా అంటుంది.

ఈ పనిలోకి వచ్చిన తీరు ఇంకా విచిత్రం. అప్పట్లో ఆవిడ ఓ చెప్పుల కొట్లో ఉండేది, వచ్చినవాళ్ళ కాళ్ళకి జోళ్ళు తొడిగి చూపించే పనిలో. ఓ మధ్యాహ్నం బొద్దుమీసాల పెద్దమనిషి వచ్చి ఎత్తుమడమల ఆడ చెప్పులు కావాలన్నాడు. ఎవరికండీ అంటే, నాకే అని కాలు చాపాడు. కొట్లోవాళ్ళంతా గోడకేసి తిరిగి నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. ఈవిడ మాత్రం ఆ పాదాన్ని ఎలాగో చెప్పులో ఇరికించి లేపి నిలబెట్టింది. ఆయన నాలుగడుగులు వేశాడు. ఈవిడ విని ఊరుకోలేకపోయింది.

"అదేం నడకండీ! ఇంట్లోకి పోలీసులు జొరబడ్డట్టుంది. మడమ అంత గట్టిగా గుద్దితే ఆడమనిషి నడిచినట్టుంటుందా?" అని ఆ చెప్పులు లాక్కుని తనే వేసుకుని కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది.

పెద్దమనిషి కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన అప్పటి అడుగులాయన. తన కాళ్ళతో హీరోయిన్లని నడిపించలేక నానా అవస్థా పడుతున్నాడు. మర్నాటి నుంచి ఈవిడ చెప్పుల కొట్టుకి పోలేదు.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. మొగుడు లారీ తోలతాడు, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో అతనికే తెలియదు. కోడలు పని మారిందని తెలిసి అత్తగారు మొదట్లో ఒంటికాలి మీద లేచింది. "అప్పుడు చెప్పుల కొట్టు, ఇప్పుడు చెప్పుల సంచి. ఏం బాగుపడ్డట్టే?" అని దెప్పింది. ఈవిడ తిరిగి దెబ్బలాడలేదు. అత్తగారిని తీసుకెళ్ళి సినిమా హాల్లో కూర్చోబెట్టి, "ఇప్పుడు కళ్ళు మూసుకోండి అత్తయ్యా" అంది. తెర మీద ఎవరో అమ్మాయి చీకట్లో కంకర మీద భయం భయంగా నడుస్తోంది. అత్తగారు కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఇది నువ్వే! ఆ ఎడమకాలు అలా ఈడ్చేది నువ్వే!" అని అరిచింది. ముందువరసవాళ్ళు తిట్టారు. ఆరోజు నుంచీ కోడలు నడిచిన ప్రతి సినిమాకీ అత్తగారు మొదటి ఆటకే తయారు.

అక్కడే వచ్చింది చిక్కు. "నువ్వే నడిచావు సరే. మరి నీ పేరేదే?" అంది అత్తగారు.

పేర్లు పడే వరసంటే ఉత్తి వరస కాదు, అదో పెద్ద గొడవ. ముందు కంపెనీ బొమ్మ, ఆ తరవాత సమర్పించేవారు, ఆ తరవాత హీరో. ఆయన పేరు ఒక్కటే తెరంతా పరుచుకుని ఉంటుంది, పక్కన ఇంకో అక్షరం ఊపిరి పీల్చుకోవడానికి కూడా చోటుండదు. తరవాత హీరోయిన్. ఆ తరవాత మిగతా నటులు, ఎవరి గీర కొద్దీ వాళ్ళు. ఇద్దరు హీరోలుండి ఇద్దరూ తగ్గకపోతే ఒకడి పేరు ఎడమవైపు కాస్త కిందకి, రెండోవాడి పేరు కుడివైపు కాస్త పైకి వేస్తారు. ఎడమ నుంచి చదివితే ఇతను ముందు, పైనుంచి చూస్తే అతను ముందు. ఇద్దరూ ఇంటికెళ్ళి తామే గెలిచామనుకుని హాయిగా నిద్రపోతారు. ఒకప్పుడు హీరోగా వెలిగి ఇప్పుడు తండ్రి వేషాలు కట్టే పెద్దాయన ఎవరి వెనకా నిలబడనంటాడు. ఆయన కోసం అందరి పేర్లూ అయిపోయాక "మరియు" అని వేసి ఆయన్ని ఒక్కణ్ణే దించుతారు. నటుల వరస ఇలా పైనుంచి కిందకి దిగితే, పనివాళ్ళ వరస కిందనుంచి పైకి ఎక్కుతుంది. మేకప్పు, దుస్తులు, కళ, కూర్పు, కెమెరా, నిర్మాత, అందరికన్నా ఆఖర్న డైరెక్టరు. డైరెక్టరుకి ఎంత దగ్గరైతే అంత గొప్ప. ఒక పేరు ఒక్కటే వస్తే ఒంటి కార్డు. బోలెడు పేర్లు ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోతే గుంపు కార్డు.

అడుగులవాళ్ళు ఈ వరసలో ఎక్కడా ఉండరు. సినిమా అంతా అయిపోయి, హాల్లో లైట్లు వేసి, జనం చెప్పులు వెతుక్కుంటుంటే అప్పుడు తెర మీద చీమలబారులా పాకిపోయే గుంపులో ఉంటారు, జెనరేటరు వ్యానుకీ భోజనాల కంట్రాక్టరుకీ మధ్య. వాళ్ళు గొప్పవాళ్ళు కాదని కాదు. తిండి పెట్టినవాడి పక్కన నిలబడడం మర్యాదే. కానీ ఆ గుంపు ఎంత వేగంగా పోతుందంటే, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసినా ఒక్కటీ అందదు.

అత్తగారు చిన్నప్పుడు చదువుకోలేదు. పెద్దతనంలో కోడలే నేర్పింది, వీధిలో కొట్ల బోర్డులు చూపించి. ఆవిడ వేలు గాల్లో ఆడిస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మందుల కొట్టు బోర్డు చదవడానికే వీధి సగం దాటాలి. ఇక ఆ గుంపు కార్డేం చదువుతుంది! ప్రతి సినిమాకీ ఆఖరుదాకా కూర్చుని, చీపురుపట్టుకొచ్చిన మనిషి "లేవండమ్మా" అంటున్నా లేవకుండా, వేలు పైకెత్తి మొదటి అక్షరం పట్టుకునేలోపు అంతా మాయం. "పోయిందే" అనేది. ప్రతిసారీ అదే మాట. కోడలు ఖాళీ తెరకేసి ఓసారి చూసి ఆవిణ్ణి లేవదీసేది. గొప్ప కోసం కాదు, అత్తయ్య చదివేదాకా తన పేరు తెర మీద నిలబడాలి. ఆవిడకి కావలసింది అంతే. ఆ కోరిక ఏళ్ళ తరబడి లోపల మరుగుతూ ఉంది.

అలాంటి సమయంలో మెట్ల సినిమా వచ్చింది. దాని డైరెక్టరు ఒకప్పుడు ఈ స్టూడియోలోనే అసిస్టెంటుగా తిరిగినవాడు. పాత ఇంటి మెట్ల మీద హీరో పాదాలు మాత్రమే చూపించి, ఒక్కో మెట్టుకీ ఒక్కో పేరు వేస్తానన్నాడు. పాట లేదు, వాయిద్యం లేదు. అడుగు చప్పుడు, దాంతోపాటు పేరు. అంతే.

విన్న వెంటనే అడుగులక్క సంచి కింద పెట్టింది. "అంటే అన్ని పేర్లూ నా అడుగు మీదే వస్తాయన్నమాట."

"అంతేగా అక్కా."

"అయితే నా పేరు కూడా నా అడుగు మీదే రావాలి. ఒంటి కార్డు. గుంపులో తోస్తే ఒప్పుకోను."

 డైరెక్టరు నవ్వాడు. "న్యాయమే అక్కా. ఏ మెట్టు కావాలో మీరే చెప్పండి."

ఆవిడ ఆ బొమ్మ మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసింది. సగం పైకి ఎక్కాక ఓ మెట్టు మీద హీరో ఆగుతాడు. ఆ ఒక్కచోట మనిషంతా కనపడతాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుని పైకి చూసి, అప్పుడు మళ్ళీ కదులుతాడు. మిగతా పేర్లన్నీ వచ్చినట్టే వచ్చి పోతాయి గానీ ఆ మెట్టు మీది పేరు మాత్రం నిలబడుతుంది. దుస్తులాయన తరవాత, కళ చూసే ఆయనకి ముందు. "ఆ మెట్టు" అంది. సౌండు ఇంజనీరు, బట్టతలాయన, అక్కడే ఉన్నాడు. డైరెక్టరు అతని ఎదురుగానే చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

ఇంటికి రాగానే అత్తగారికి చెప్పింది.  ఆవిడ మర్నాడే వెళ్ళి పలక కొనుక్కొచ్చుకుంది. "నీ పేరు ఇంటిపేరుతో సహా రాసిపెట్టు. అక్కడ తడుముకుంటే పరువు పోతుంది" అంది. ఇంటిపేరు అత్తగారిదీ అదే. అయినా ఆవిడ దాన్ని ఎప్పుడూ రాసి చూడలేదు. కోడలు రాసిచ్చింది. ఇక అప్పటినుంచి పొయ్యి దగ్గరా, బట్టలారేసే తీగ దగ్గరా పలక పట్టుకుని వేలు ఆడిస్తూ చదువుతూనే ఉంది. ఒత్తు దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగేది. ఆగి, దాన్ని తిట్టి, మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

సినిమా అంతా నడిచేసింది అడుగులక్క. మెట్ల బొమ్మ ఒక్కటే మిగిలింది. పేర్ల వరస తేలేది అన్నిటికన్నా ఆఖర్న కాబట్టి, పేర్లు అతికించాకే అడుగులు వేయడం. ఆరోజు రానే వచ్చింది. హీరో వేసుకున్నవాటిలాంటి తోలు బూట్లు తొడుక్కుంది, దిగే కాలికి గుడ్డ చుట్టుకుంది, మెట్ల ముందు నిలబడింది. అద్దం వెనక నుంచి ఇంజనీరు చెయ్యి ఊపాడు. అతని మొహం ఎందుకో మాడి ఉంది. ఈవిడ పట్టించుకోలేదు.

తెర మీద పాదం లేచింది. ఈవిడ పాదమూ లేచింది. హీరో పేరు. అడుగు. హీరోయిన్ పేరు. అడుగు. హాస్యగాళ్ళు, విలను, "మరియు" పెద్దాయన. అడుగు, అడుగు, అడుగు. మేకప్పు. దుస్తులు. ఆ దుస్తులాయన ముసలి దర్జీ. నోట్లో సూది పెట్టుకుని మాట్లాడకండి బాబూ అని ఈవిడ ఎంత చెప్పినా వినడు. ఆయన పేరు మీద అడుగు కాస్త ప్రేమగా పడింది. ఇక తన మెట్టు. పాదం గాల్లోకి లేపింది.

తెర మీద పేరు వచ్చింది. తనది కాదు. "ఆశీస్సులతో" అని ఉంది, కింద ఎవరిదో పెద్ద పేరు, బిరుదుతో సహా. హీరోగారి మామగారిది.

పాదం గాల్లోనే ఉండిపోయింది. తెర మీద హీరో కమ్మీ పట్టుకుని తాపీగా ఊపిరి తీసుకుంటున్నాడు. 

"అక్కా, ఓ అడుగు తప్పింది" అన్నాడు ఇంజనీరు మైకులో, మెల్లిగా.

"తప్పలేదు. వేయలేదు" అందావిడ, కాలు దించి.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నిర్మాతగారి బావమరిది ఉన్నాడు. పేర్ల వ్యవహారం ఆయనే చూస్తాడు. జేబులో టేపు పెట్టుకుని తిరుగుతాడు, ఎవరి అక్షరాలు ఎవరి అక్షరాలకన్నా ఎంత పెద్దవో కొలవడానికి. హీరోగారి మామగారు కొత్తగా తన పేరు కూడా పడాలన్నారట. అందులోనూ అందరికన్నా ఎక్కువసేపు నిలబడాలన్నారట. మెట్లు చూస్తే ఉన్నవే. ఆ ఇల్లు షూటింగు అవగానే పడగొట్టేశారు, ఇంకో మెట్టు తీద్దామన్నా లేదు. ఎక్కువసేపు నిలబడే మెట్టు ఒక్కటే. దాని మీద పేరు ఎవరిదా అని చూశారు. అడుగులావిడది. హమ్మయ్య అనుకున్నారు.

బావమరిది వచ్చాడు. వెనకాలే డైరెక్టరు, తలుపు దగ్గరే ఆగిపోయి.

"చూడమ్మా, జనం ఏమన్నా నీ పేరు కోసం హాలుకొస్తారా?" అన్నాడు బావమరిది.

"మీ పెద్దాయన పేరు కోసం వస్తారా?"

"ఆయన హీరోగారి మామగారు!"

"అంటే హీరోకి పిల్లనిచ్చాడు. సంతోషం. ఈ సినిమాకేం ఇచ్చాడు?"

అద్దం వెనక ఇంజనీరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. అయినా మనిషి బేరాలకి అలవాటుపడ్డవాడు, గొంతు తగ్గించాడు. "సరే, నీ మాట ఎందుకు కాదనాలి? ఓ పని చేద్దాం. ఆ ముసలి దర్జీని ఆఖరి గుంపులోకి తోసేస్తాం. ఆయన మెట్టు నువ్వు తీసుకో. ఆయనకి చూపు ఆనదు, చూసుకోడు కూడా."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ మనసు ఒక్క క్షణం ఊగింది. ఊగలేదని చెబితే అది మనిషి కథ కాదు. దర్జీ మెట్టు మీద పాదం ఆగదు, నిజమే, కానీ ఒంటి కార్డు ఒంటి కార్డే. అత్తయ్య పలక కళ్ళముందు మెదిలింది. ఏళ్ళ తరబడి "పోయిందే" అన్న మాట చెవుల్లో తిరిగింది. ఔనంటే అయిపోతుంది. ఆ ముసలాయనకి తెలియను కూడా తెలియదు. ఆ తెలియకపోవడమే ఆవిడకి ఒళ్ళు మండించింది.

"నాకు చేసింది నా చేత ఆయనకి చేయిస్తారా? ఎంత బాగుందండీ మీ ఏర్పాటు! ఆయన కుట్టిన కోటు రెపరెపలాడితే ఆ చప్పుడు చేసింది కూడా నేనే. ఆయన మెట్టు ఆయనదే. దాని జోలికి పోయారో, ఈ సినిమాలో ఒక్క అడుగు మిగలనివ్వను" అంది.

డైరెక్టరు అప్పుడు నోరు విప్పాడు. "అక్కా, నా పరిస్థితి అర్థం చేసుకోండి. హీరోగారు నా తరవాతి సినిమాకి కాల్షీట్లు ఇవ్వనంటే..."

"నీ పరిస్థితి అర్థమయింది నాయనా. నువ్వు అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఆ గుంపు కార్డులో నీ పేరు తప్పు రాశారని ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చావు. నా కొంగే ఇచ్చాను తుడుచుకోమని. అది కూడా గుర్తుంది నాకు."

అతను తల దించుకున్నాడు. ఈవిడ ఇంజనీరుకేసి తిరిగింది. "మళ్ళీ మొదటినుంచి వెయ్యండి. నడుస్తాను" అంది.

బావమరిది మొహం విప్పారింది. దారికొచ్చిందనుకున్నాడు. ఆవిడ నడిచింది. అలా ఎప్పుడూ నడవలేదు. ఏళ్ళ తరవాత పాత ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఏ మెట్టు మీద తడబడతాడో, ఏ మెట్టు మీద పాదం దానంతటదే దారి గుర్తుపడుతుందో, అన్నీ ఆ బూట్లలో పలికాయి. హీరోకి, హీరోయిన్‌కి, విలనుకి, దర్జీకి, ఎవరి అడుగు వాళ్ళకి నిండుగా వేసింది. వాళ్ళంతా పనిచేసినవాళ్ళు. వాళ్ళ మీద కోపం దేనికి? ఆశీస్సుల మెట్టు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మెట్టు దాటగానే కళ చూసే ఆయన పేరు మీద మళ్ళీ పాదం వేసి, డైరెక్టరు పేరుదాకా ఎక్కింది. అతని మీద కూడా అడుగు ఎగ్గొట్టలేదు.

"మధ్యలో ఆ అడుగేది?" అన్నాడు బావమరిది.

"ఆ మెట్టు ఎవరూ ఎక్కలేదండీ. ఎక్కని మనిషికి అడుగు నేనెక్కణ్ణుంచి తేను?"

"ఇంకో మెట్టు చప్పుడు తెచ్చి అక్కడ అతికించలేమనుకున్నావా? ఏమయ్యా ఇంజనీరూ, అతకదూ?"

"ఒక్క నిమిషం పని సార్" అన్నాడు ఇంజనీరు, ఎటో చూస్తూ.

ఆవిడ బూట్లు విప్పి సంచిలో పడేసింది. "అతికించుకోండి. అది మీ చెయ్యి. వెయ్యనన్నది నా కాలు."

"మా సినిమాలకి నిన్నింకోసారి పిలుస్తామనుకోకు" అన్నాడు బావమరిది. "మా వాళ్ళ సినిమాలకి కూడా."

"పిలవకండి. మీ సినిమాల్లో అందరినీ గాల్లో తేల్చుకోండి" అని సంచి భుజాన వేసుకుని, ఉత్తికాళ్ళతో వరండా అంతా నడిచి బయటికొచ్చింది. గేటు దగ్గర గానీ చెప్పులు వేసుకోలేదని గుర్తురాలేదు. రోడ్డు కాలుతోంది. అక్కడే నిలబడి ఒక్కసారి గట్టిగా ఏడ్చింది, ముక్కు చీదుకుంది, బస్సెక్కింది.

ఇంట్లో అత్తగారు పలక ముందేసుకుని ఉంది. కోడలు దాచలేదు, నాన్చలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. దర్జీ సంగతి కూడా చెప్పింది. అత్తగారు మొత్తం విని, "ఆ ముసలాయన మెట్టు తీసుకుని వచ్చుంటే ఈ పలకతోనే నీ నెత్తి పగలగొట్టేదాన్ని" అంది. తరవాత పలక చేతిలోకి తీసుకుంది. పలక చెరిపేస్తుందేమో అనుకుంది కోడలు. ఆవిడ చెరపలేదు. వంట అయ్యాక మళ్ళీ ముందేసుకుని కూర్చుంది.

"ఇంకెందుకు అత్తయ్యా అది?"

"ఒత్తు దగ్గర ఇంకా తడబడుతున్నాను. నీ పేరు వాళ్ళు తీసేశారని నేను చదవడం మానాలా?"

తరవాత పిలుపులు తగ్గాయి. బావమరిది అన్నంత పనీ చేశాడు. సంచిలో జోళ్ళు అలాగే ఉన్నాయి. అడుగులక్క వాటిని తీసి తుడిచి మళ్ళీ పెట్టేది. ఎవరైనా జాలిపడితే, చెప్పుల కొట్టు ఇంకా తెరిచే ఉంది, నా మోకాళ్ళు ఇంకా వంగుతున్నాయి అనేది. ఒక చిన్న కంపెనీవాళ్ళు మాత్రం భయపడుతూనే పిలిచారు. వెళ్ళింది.

మెట్ల సినిమా వచ్చింది. మొదటి ఆటకి వద్దులే అనుకుంది కోడలు. ఆ మెట్టు మీద ఇంకో మెట్టు చప్పుడు, తన కాలి చప్పుడే, దొంగ సొత్తులా తెచ్చి అతికించింది వినలేననుకుంది. కానీ అత్తగారు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని గడపలో నిలబడింది. "నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను. దారి నాకు తెలుసు" అంది. ఇక చేసేదేముంది!

హాలు కిటకిటలాడుతోంది. లైట్లు ఆరాయి. పాదం కనపడింది. మొదటి అడుగు పడగానే హీరో పేరు, హాలంతా ఈలలు, కేకలు. అంత గోలలోనూ తన అడుగు తనకి వినపడింది. హీరోయిన్ పేరుకి ఇంకాసిని ఈలలు. ఆ తరవాత జనం సర్దుకున్నారు. అడుగు చప్పుడు తప్ప ఇంకేమీ లేకపోవడంతో మెల్లిమెల్లిగా అందరూ వినడం మొదలుపెట్టారు. మేకప్పు. దుస్తులు. అడుగులక్క కుర్చీ చేతులు బిగించి పట్టుకుంది.

ఆశీస్సుల పేరు వచ్చింది. బిరుదుతో సహా వచ్చి నిలబడింది.

చప్పుడు లేదు.

ఇంజనీరు అతికించలేదు. ఒక్క నిమిషం పని అన్నవాడు ఆ నిమిషం పని చెయ్యలేదు. డైరెక్టరు విని కూడా ఊరుకుని ఉంటాడు. బావమరిది సంగతి చెప్పేదేముంది, టేపు పెట్టి అక్షరాలు కొలిచి ఉంటాడు గానీ చెవి పెట్టి ఉండడు. వందలమంది కూర్చున్న హాల్లో, తెర మీద ఆ పెద్ద పేరు ఎవరూ ఎక్కని మెట్టు మీద మూగగా నిలబడింది. పక్కన పాదం కదలదు. హీరో ఊపిరి తీసుకుంటున్నాడు. జనం కూడా ఎందుకో ఊపిరి బిగబట్టారు.

ఆ నిశ్శబ్దంలో అత్తగారు లేచి నిలబడింది.

వేలు పైకెత్తి తెరకేసి చాపింది. ఆ పెద్దాయన అక్షరాల మీద నుంచే వేలు నడిపిస్తూ, అక్కడ లేని పేరుని చదవడం మొదలుపెట్టింది. గొంతు హాలు ఆఖరి వరసదాకా వెళ్ళింది. ముందు ఇంటిపేరు, అది తనది కూడా కనక ఇంకాస్త గట్టిగా. తరవాత కోడలి పేరు, ఒక్కో అక్షరం, తొందర లేకుండా, కొట్ల బోర్డులు చదివినట్టు. ఒత్తు దగ్గర ఆగలేదు. పెద్దాయన అడిగి మరీ ఎక్కువసేపు నిలబెట్టించుకున్న మెట్టు కదా, ఆవిడకి కావలసినంత వ్యవధి ఉంది. ఆఖరి అక్షరం అయ్యేదాకా ఆ కార్డు కదల్లేదు.

హీరో పాదం లేచింది. తరవాతి మెట్టు మీద అడుగు టక్కుమని పడింది.

ముందువరసలో ఎవరో వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మా ఆవిడ? పేరేదో చదివావు?"

"మా కోడలు" అంది అత్తగారు. "ఈ మెట్లన్నీ ఎక్కుతున్నది అదే. ఆ ఒక్కటీ తప్ప."

అని కూర్చుంది.  కోడలు ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మసకబారి డైరెక్టరు పేరు ఎప్పుడొచ్చి పోయిందో కూడా కనపడలేదు.

"ఈసారి పోలేదే. మొత్తం చదివాను" అంది అత్తగారు చెవిలో. "ఇంక ఇంటికి పోదామా?"

"కూర్చోండి అత్తయ్యా" అంది అడుగులక్క, ముక్కు ఎగబీల్చి. "సినిమా అంతా నేనింకా నడవాలి."